వారమునకొక మారు

గత ఫాల్గుణ మాసములో గ్రామీణ కార్యక్రమమునకు కొన్ని సంభాషణలు రికార్డు చేయుటకై నేను పర్చూరు ప్రాంతమునకు వెళ్ళవలసి వచ్చినది. పూర్వము గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను లెక్కకు వచ్చుచున్న ఈ నల్లరేగడి సీమ జిల్లా పేరును మార్చుకొన్నదే గాని, ప్రత్తిని మిరపను విడిచిపెట్టలేదు. ప్రత్తి తీతలు ముగియుచుండెను. మిరపకాయలు కల్లములకు చేరినవి. ఆ ఘాటునకు దగ్గుచు, తుమ్ముచు, మధ్యమధ్య యంత్రమును ఆపుచు మా పని ముగించినాము.

తొడిమలు తీయుచున్న స్త్రీలకు కొంచెము దూరముగా ఒక వృద్ధురాలు ఊరక కూర్చుండియుండెను. ఆమె వ్రేళ్ళ కణుపులు వాచి, చేతులు వంకర తిరిగియున్నవి. మేము సామానులు సర్దుకొనుచుండగా ఆమె దగ్గరకు వచ్చి, కొంగున కట్టుకొన్న చిన్న రేకుడబ్బాను విప్పి నా ముందుంచినది. అందులో రెండు రకముల మాత్రలున్నవి.

“రేడియో వాళ్ళంటే నాలుగూ తెలిసినవాళ్ళు గదా, బాబూ! ఈ బిళ్ళ క్యాన్సరు బిళ్ళంట. మందుల కొట్టు కుర్రాడు చెప్పాడు. నాకా జబ్బున్నదని మావాళ్ళు దాచిపెడుతున్నారా?” అని అడిగినది.

ఆమె కుమారుడు నవ్వబోయి, తల్లి ముఖము చూచి ఆగిపోయినాడు. “కీళ్ళ డాక్టరుగారు రాసిచ్చారండీ. వారానికొక్కసారే వేసుకోమన్నారు. ఇంత నొప్పికి వారానికొకసారైతే ఏం సరిపోద్ది, రోజూ వేద్దామా అని మేమనుకుంటుంటే, ఈవిడేమో భయపడి మూడు వారాల్నుంచి అసలే మానేసింది” అన్నాడు.

ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. రెండవది ఫోలిక్ ఆమ్లము. దినదినము వేయుట ప్రాణాపాయమని మాత్రము నేను ఎచ్చటనో చదివియుంటిని. ఆ ఒక్క మాట గట్టిగా చెప్పి, మానుటయైనను మార్చుటయైనను వ్రాసియిచ్చిన డాక్టరును అడిగియే చేయుడని చెప్పి బయలుదేరినాను. కాని ఆమె అడిగిన అసలు ప్రశ్నకు, అనగా క్యాన్సరు మందు కీళ్ళనొప్పులకు ఎందుకిత్తురను ప్రశ్నకు, నా వద్ద సమాధానము లేదు. నేను విశ్వవిద్యాలయములో చదివినది సాహిత్యము, రసాయనశాస్త్రము కాదు. తిరిగి వచ్చిన పిమ్మట గ్రంథములు చూచి, తెలిసినవారిని అడిగి గ్రహించిన విషయములే ఈ ప్రసంగము. ఇది ఆ వృద్ధురాలికి నేను పడిన బాకీ.

ముందుగా ఒక మాట. ఆ రేకుడబ్బాలోని రెండు మాత్రలును ఒకే పరిశోధనశాలలో, ఒకే తెలుగువాని నాయకత్వమున వెలుగు చూచిన పదార్థములు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరములో జన్మించినారు. బీదతనములో చదువుకొన్నారు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా ఖద్దరు ధరించినందున శస్త్రవైద్య శాఖ ఆచార్యునికి కోపము తెప్పించి, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే పొందగలిగినారు. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులనిద్దరిని స్వల్ప వ్యవధిలో పొట్టన పెట్టుకొన్నది. ఆ వ్యాధియే తనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. 1922లో మామగారి సాయముతోను, ధర్మసంస్థల సాయముతోను అమెరికా చేరినారు. మరల ఈ దేశమునకు రాలేదు.

స్ప్రూ వ్యాధిలో రక్తము క్షీణించును. ఆ క్షీణతకు కారణమైన లోపమేదో అప్పటికి ఎవరికిని తెలియదు. ఆ దారిలో మొదటి గుర్తు దొరికినది మన దేశములోనే. 1928 తరువాత లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమునిచ్చిన అది తగ్గుచున్నదని 1931లో ప్రకటించినది. మన ప్రత్తి నేసిన మిల్లులలోని స్త్రీల ఆకలి నుండి ఒక విటమిను జాడ తెలియవచ్చినదన్నమాట. 1941లో అమెరికాలో కొందరు పాలకూర నుండి ఈ పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిను మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టినారు. న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అనుచోట లెడర్లీ పరిశోధనశాలలో సుబ్బారావుగారి బృందము దాని నిర్మాణమును తెలిసికొని, ప్రయోగశాలలోనే దానిని తయారుచేసి 1945లో లోకమునకు చాటినది. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనుటకు ఆయనకు పాతికయేండ్లు పట్టినది.

ఇక రెండవ మాత్ర మాట. బోస్టను నగరములో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. రక్తపు క్యాన్సరుతో వచ్చు బిడ్డలు వారములలోనో, నెలలలోనో మరణించుచుండిరి. వారికి ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములనిచ్చిచూడగా రోగము మరింత వేగముగా పెరిగినట్లు ఆయనకు తోచినది. రోగమునకు ఇది ఆహారమైనచో, ఈ ఆహారమును అందకుండ చేసిన నేమగునను ఆలోచన అప్పుడు పుట్టినది. ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపినది. వానిలో ఒకటి అమినోప్టెరిన్. దానినిచ్చిన 16 మంది బిడ్డలలో 10 మందికి రోగము వెనుకంజ వేసినదని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించెను. బిడ్డల తీవ్ర రక్తపు క్యాన్సరు ఒక మందుకు లోబడుట చరిత్రలో అదియే మొదలు. ఆ మేలు తాత్కాలికమే. మరల రోగము తిరుగబెట్టినది. సుబ్బారావుగారు ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో, తన 53వ యేట గతించినారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువువంటిదే ఈ మెథోట్రెక్సేట్.

ఈ మందు పనిచేయు తీరు పర్చూరు రైతుకు చెప్పుట సులభము. నకిలీ విత్తనమన నేమో ఆయనకు తెలియును. సంచి అదే, గింజ రంగు అదే, పరిమాణము అదే. భూమిలో వేసిన తరువాత గాని గుట్టు తెలియదు. అప్పటికి అదను దాటిపోవును. మన దేహకణము రెండుగా చీలుటకు ముందు తన వంశలిపిని, అనగా డి.ఎన్.ఎ.ను, మరియొక ప్రతి వ్రాసికొనవలెను. దానికి కావలసిన సరకును సిద్ధపరచుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆ ఆమ్లమును వాడుకకు తెచ్చు ఎంజైము ఒకటి కణములో గలదు. మెథోట్రెక్సేట్ రూపములో ఫోలిక్ ఆమ్లమే. రెండు చోట్ల మాత్రమే భేదము. ఎంజైము దీనిని అసలు గింజయనుకొని పట్టుకొనును, పట్టుకొన్నది విడువలేదు. పని నిలిచిపోవును. కణము చీలలేదు.

ఎడతెగక చీలుటయే క్యాన్సరు కణముల స్వభావము గనుక దెబ్బ వానికి ముందు తగులును. కాని వేగముగా చీలు మంచి కణములును మన దేహములో గలవు. ఎముక మజ్జలో రక్తమును పుట్టించునవి, నోటి లోపలి పొర, ప్రేవుల పొర, వెండ్రుకల కుదుళ్ళు మొదలైనవి అట్టివి. వానికిని దెబ్బ తగులక మానదు. క్యాన్సరు మందులతో జుట్టు రాలుటకును, నోరు పూయుటకును ఇదియే కారణము.

రసాయనశాస్త్రజ్ఞులు ఇట్టి మందులను చిన్న అణువులని పిలుతురు. చిన్నయన నెంత? నీటి అణువు భారము 18. పంచదార అణువు భారము 342. మెథోట్రెక్సేట్‌ది 454. ఇన్సులిన్‌ది సుమారు 5,800. నేడు క్యాన్సరునకు సూదిద్వారా ఇచ్చు యాంటీబాడీలవి దాదాపు 1,50,000. పెద్ద అణువులను మ్రింగినచో అవి అన్నములోని పప్పువలె జీర్ణమైపోవును. అందువలన సూది తప్పదు. చిన్న అణువు మాత్రగా మ్రింగుటకు వీలైనది. పొట్టలో చెడక, రక్తములో కలిసి, కణపు గోడను దాటి లోపలి ఎంజైము వరకు పోగలదు. కల్లములో పనిచేయు మనిషి తన మందును కొంగున కట్టుకొని తిరుగగలుగుట ఈ చిన్నతనము వలననే.

మేము పర్చూరులో మాట్లాడిన రైతులలో ఒక పెద్దాయన తెల్లదోమ కాలమును తలచుకొన్నాడు. 1980 తరువాతి సంవత్సరములలో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి రైతులు క్రొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులను నమ్ముకొన్నారు. మొదట అవి బ్రహ్మాండముగా పనిచేసినవి. పిమ్మట తెల్లదోమ విజృంభించినది. శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగుట మానినది. ఎక్కువ పర్యాయములు కొట్టినకొలది అప్పు పెరిగినదే గాని పురుగు తగ్గలేదు. 1987-88 పంటకాలములో ప్రకాశము జిల్లాలో ప్రత్తిరైతులు ప్రాణములు తీసికొన్న విషాదము మనమెవ్వరము మరువరానిది. ఇటీవల 2021లో మిరపపై నల్ల తామరపురుగు వచ్చినప్పుడును రైతులు చేతికందిన మందునెల్ల కొట్టి చూచినారు.

క్యాన్సరు చరిత్రలోను ఇదే జరిగినది. ఫార్బర్ బిడ్డలలో రోగము మరల తిరుగబెట్టుటకు మర్మమిదియే. లక్షల కణములలో మందునకు తట్టుకొనునవి కొన్ని యుండును. మిగిలినవి చచ్చినకొలది అవి పెరుగును. 1978లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక వింతను కనుగొన్నారు. మెథోట్రెక్సేట్‌కు అలవాటుపడిన కణములు, ఆ మందు అడ్డగించు ఎంజైమునకు సంబంధించిన జన్యువును ఒకటికి బదులు పదులుగా, వందలుగా ప్రతులు వ్రాసికొన్నవి. మందు పట్టుకొన్నంత పట్టుకొనగా ఇంకను ఎంజైము మిగిలియుండును. పురుగైనను, కణమైనను ఒకే మందుతో పదేపదే కొట్టిన, లొంగనివానిని మనమే ఏరి పెంచినవారమగుదుము.

దీనికి వైద్యులు కనుగొన్న ఉపాయము వేర్వేరు చోట్ల దెబ్బతీయు మందులను కలిపి ఇచ్చుట. ఒకదానికి లొంగని కణము రెండవదానికి లొంగును. మన పెరటి బిళ్ళగన్నేరు జాతి మొక్కనుండి తీసిన విన్‌క్రిస్టిన్ అను మందు 1960 తరువాత ఈ కూటమిలో చేరినది. 1948లో నెలలలో మరణించిన బిడ్డల రోగమునకే నేడు మంచి ఆసుపత్రులలో పూర్తి చికిత్స పొందిన నూరుమందిలో ఇంచుమించు తొంబదిమంది బ్రతికి పెద్దవారగుచున్నారు. ఆ కూటమిలో మెథోట్రెక్సేట్ ఇంకను ఉన్నది. 1956లో గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సరు, ఇతర భాగములకు ప్రాకినదియు, ఈ ఒక్క మందుతో నయమైనదని మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనువారు చూపినారు.

అయినచో కీళ్ళనొప్పికి దీనినెందుకిత్తురు? కీళ్ళవాతములో మన రక్షణ కణములే దారితప్పి మన కీళ్ళను కొరుకును. 1951లోనే అమినోప్టెరిన్‌ను కొందరు కీళ్ళ రోగులకిచ్చి మేలును గమనించినారు. 1988లో అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేట్‌ను ఆ రోగమునకు అంగీకరించినది. కాని మోతాదులో హస్తిమశకాంతరము గలదు. క్యాన్సరునకు కొన్ని సందర్భములలో గ్రాముల లెక్కన ఇత్తురు. కీళ్ళవాతమునకు కొద్ది మిల్లీగ్రాములు, అదియును వారమునకొక మారు. ఇంత చిన్న మోతాదులో అది కణములను చంపుటకు గాదు, రేగిన రక్షణ కణములను శాంతింపజేయుటకు. ఆ రేకుడబ్బాలోని ఫోలిక్ ఆమ్లము, మందు వేయని మరియొక దినమున, మంచి కణములకు వాని ఆహారమును తిరిగి అందించుటకు. ఒకనాడు నకిలీ గింజ, వేరొకనాడు అసలు గింజ. రెండును సుబ్బారావుగారి కొట్టులోనివే.

కాబట్టి, పెద్దమ్మా, మీ మాత్ర క్యాన్సరు మాత్రయగుట నిజము. మీకు క్యాన్సరున్నదనుట నిజము గాదు. వేపాకు పొలములోను వాడుదుము, పొంగు పోసిన బిడ్డ ప్రక్కనను వేయుదుము. వస్తువొకటి, పని వేరు.

కాని వారమునకొక మారు వేయవలసినదానిని దినదినము వేసినచో ఏమగును? ఎముక మజ్జ రక్తమును పుట్టించుట మానును. నోరంతయు పుండ్లు పడును. జ్వరము వచ్చును. రక్తస్రావము కావచ్చును. ఈ పొరపాటు వలన అనేక దేశములలో మరణములు సంభవించినవి. చీటీ మీద ‘వారము’ అను మాట చదువక, అన్ని మాత్రలవలె దీనిని దినదినము వేసికొనుటయే అందులకు హేతువు. అందుచేత వారములో ఒక దినమును నిర్ణయించి, ఆ దినము పేరు చీటీ మీదను డబ్బా మీదను తెలుగులో వ్రాయించుకొనుట మంచిది. నోటిలో పుండ్లు, జ్వరము, ఆగని దగ్గు, ఆయాసము కనబడినచో మందునాపి వెంటనే డాక్టరు వద్దకు పోవలెను. గర్భవతులు దీనిని ముట్టరాదు.

ఇచ్చట మూత్రపిండముల మాట చెప్పవలసియున్నది. మెథోట్రెక్సేట్ దేహమునుండి బయటికి పోవు ద్వారము ముఖ్యముగా మూత్రపిండములే. ద్వారము మూసికొన్నచో, సరియైన మోతాదైనను లోపల పేరుకొని విషమగును. అందువలననే క్యాన్సరు ఆసుపత్రులలో పెద్ద మోతాదు ఇచ్చునపుడు రోగికి నీరు సమృద్ధిగా ఎక్కించి, మూత్రపు పులుపును విరిచి, రక్తములో మందు ఎంత మిగిలినదో కొలుచుచు, ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు ఇత్తురు.

మరి మన పల్లెలలో మూత్రపిండములను ముందుగా దెబ్బతీయునదేది? ఒళ్ళునొప్పుల మాత్ర, ఒళ్ళునొప్పుల సూది. మిరప కోతలలో ఎండనబడి, నీరు చాలక, సాయంకాలము నడుము పట్టిన మనిషి కొట్టులో అడిగి రెండు మాత్రలు మ్రింగును. నాడు కల్లములో ఆ వృద్ధురాలి కుమారుడు చెప్పిన మరియొక మాట నా చెవిలో ఇంకను ఉన్నది. ఆ మాత్ర మానిన మూడు వారములలో ఆమె నాలుగు మారులు నొప్పి సూది వేయించుకొన్నది. నొప్పి మందులలో పెక్కు మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును. మెథోట్రెక్సేట్ బయటికి పోవుటకును అవి అడ్డుతగులవచ్చును. వానిని కీళ్ళ వైద్యుడు ఆలోచించి, పరీక్షలు చూచి ఇచ్చుట వేరు. తెలియనివారు తెలియనివారికిచ్చుట వేరు. ఏ మందు వాడుచున్నారో ప్రతి వైద్యునికిని చూపవలెను. ఆ రేకుడబ్బా ఆయన ముందు విప్పిన చాలును.

మూత్రపిండపు జబ్బు మనకు దూరముగా లేదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములలో ఏండ్లుగా ఎందరో దానికి బలియగుచున్నారు. దాని కారణము ఇదియని శాస్త్రము ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో అందులకై ప్రత్యేకముగా ఆసుపత్రిని, పరిశోధన కేంద్రమును ప్రారంభించినారు. ఈ జబ్బునకు గుర్తించదగిన మొదటి బాధ లేదు. రెండు పిండములు కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. సగము పని చెడినను మనిషికి తెలియదు. రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షించిననే తెలియును. జబ్బు ముదిరిన వెనుక రక్తములో ఫాస్ఫరస్ పేరుకొనును. ఆ ఫాస్ఫరస్‌ను కొలుచు పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి వెలువరించినదియు సుబ్బారావుగారే.

దీనికిని చిన్న అణువులు మందులైనవి. బ్రెజిలు దేశములో ఒక రక్తపింజరి జాతి పాము కరచినవారికి రక్తపుపోటు పడిపోవును. ఆ విషములోని పదార్థమును ఫెరీరా అను శాస్త్రజ్ఞుడు 1965లో వెల్లడించినాడు. అది సూదిగా తప్ప పనికిరాదు. కష్మన్, ఒండెట్టి అను ఇద్దరు దాని కీలకమును గ్రహించి, 1975లో 217 భారముగల చిన్న అణువుగా మలచినారు. అదియే క్యాప్టోప్రిల్. మధుమేహము వలన మూత్రపిండములు చెడుచున్న 409 మందిపై చేసిన పరిశోధన ఫలితము 1993లో వెలువడినది. మరణము, డయాలిసిస్, పిండము మార్పిడి అను మూడింటి ప్రమాదమును ఆ మందు సగమునకు తగ్గించినది.

రెండవ కథ ఆపిల్ చెట్టుది. 1835లో ఐరోపా రసాయనశాస్త్రజ్ఞులు ఆపిల్ వేరు పట్టనుండి ఫ్లోరిజిన్ అను చేదు పదార్థమును తీసినారు. దానివలన పంచదార మూత్రములో పోవునని అర్ధశతాబ్దము తరువాత తెలిసినది. మరియొక నూరేండ్లు దానిని విచిత్రముగా మాత్రమే చూచినారు. ఆ నిర్మాణమును సవరించి చేసిన అణువులలో డపాగ్లిఫ్లోజిన్ ఒకటి. మధుమేహమునకని పుట్టిన ఈ మందు, మధుమేహము లేనివారికిని మూత్రపిండముల క్షీణతను మందగింపజేయునని 4,304 మందిపై జరిగిన పరిశోధన 2020లో చూపినది. చెడిన పిండమును ఈ మందులు బాగుచేయవు. చెడుటను ఆలస్యము చేయును. డయాలిసిస్ గడప ఎక్కుటకు మరికొన్ని సంవత్సరముల గడువునిచ్చును. ముందు తెలిసికొన్నవానికే ఆ గడువు దక్కును.

మందు పుట్టుట ఒక ఎత్తు, బీదవాని చేతికందుట మరియొక ఎత్తు. మూత్రపిండపు క్యాన్సరునకు, కాలేయపు క్యాన్సరునకు వాడు సొరాఫెనిబ్ అను చిన్న అణువు మాత్ర మన దేశములో నెలకు రూ. 2,80,000లకు పైగా ధర పలికినది. 2012 మార్చిలో పేటెంటు అధికారి హైదరాబాదులోని నాట్కో సంస్థకు దానిని తయారుచేయుటకు నిర్బంధ లైసెన్సు ఇచ్చినాడు. నెల మందు ధర రూ. 9,000ల లోపు ఉండవలెనని నిర్ణయించినాడు. మన దేశములో అట్టి లైసెన్సు అదియే మొదటిది. కనుగొన్న సంస్థకు న్యాయమైన ప్రతిఫలమీయకున్న క్రొత్త మందులెట్లు పుట్టునని వాదించినవారును ఉన్నారు. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. కాని కొనలేని మందు రోగికి లేని మందే. 1970 పేటెంటు చట్టము మందు వస్తువునకు గాక తయారీ పద్ధతికే పేటెంటునిచ్చినది. 2005 వరకు సాగిన ఆ కాలములోనే హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగినది. తాడేపల్లిలో పసుపు రైతు కుమారుడైన అంజిరెడ్డిగారు, గుంటూరులో జన్మించిన ఆచార్య ఏ.వి. రామారావుగారు ఈ నేలనుండి వెళ్ళి ఆ విద్యలో పేరుగన్నవారే.

మనమొక గొప్పవాని పేరు చెప్పుకొని సంతోషించుట సులభము. 1995లో సుబ్బారావుగారి బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడినది. కాని ఆయన బిళ్ళ అసలు చోటు తపాలా కార్యాలయము గాదు, పర్చూరు కల్లములోని ఆ రేకుడబ్బా. అందున్న మందు సరిగా వాడుటకు ఎవరును పెద్ద చదువులు చదువనక్కరలేదు. చీటీ చదివిపెట్టు మనుమడొకడు, ప్రశ్న అడుగు ధైర్యము, ఓపికతో బదులు చెప్పు వైద్యుడు ఉన్న చాలును.

పెద్దమ్మా, ఆ ఊరిలో మా కార్యక్రమము వినుచున్నారని మీ అబ్బాయి చెప్పినాడు. ఈ మాట మీకొరకే. మూడు వారములు మానినారు గనుక, మీయంతట మీరు తిరిగి మొదలుపెట్టవలదు. ఆ డబ్బాతో డాక్టరుగారి వద్దకు వెళ్ళి, నొప్పి సూదులు నాలుగు వేయించుకొన్న సంగతియు దాచక చెప్పుడు. రక్తము, మూత్రము పరీక్ష చేయించుడు. వారములో ఏ దినమున వేయవలెనో అడుగుడు. ఆయన చెప్పిన దినము పేరును మీ మనుమనిచేత డబ్బా మూత మీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఆ దినము తప్ప మరియే దినమునను ఆ బిళ్ళను ముట్టకుడు.